కరెంటు పోయిన రాత్రి కోసం కొన్న యంత్రం

మన సంఘం ప్రత్యేక సంచికకు పెన్షను సవరణల గురించీ, కరువు భత్యం బకాయిల గురించీ రాయగలిగిన పెద్దలు చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఒక యంత్రం చరిత్ర రాయదలచాను. అది మునిసిపల్ ఆసుపత్రుల వెనకా, మంచినీటి పంపుల షెడ్డు పక్కనా, పెద్ద కార్యాలయాల ఆవరణలో ఒక మూలా కనిపిస్తుంది. ఏడాదిలో మూడువందల అరవై రోజులు దాని వంక ఎవరూ చూడరు. మిగిలిన అయిదు రోజులూ అందరూ దానివంకే చూస్తారు. అదే డీజిలు జనరేటరు.

నేను 1974లో పురపాలక శాఖలో దిగువ శ్రేణి గుమాస్తాగా చేరి, 2009లో పదవీ విరమణ చేసేవరకు ఎక్కువ కాలం స్టోర్సు, కొనుగోళ్ళ సెక్షన్లలోనే పనిచేశాను. యంత్రం ఎలా పనిచేస్తుందో ఇంజనీర్లు చెప్పాలి. అది ఎలా కొనబడుతుందో, కొన్నాక ఏమవుతుందో చెప్పటానికి మాత్రం గుమాస్తాకు కొంత అధికారం ఉందనుకుంటాను. పైగా ఇందులో నా తప్పు ఒకటి ఉంది. అది కూడా చెప్పి తీరాలి.

లాంతర్ల నుంచి మొదలు

నిజాం కాలంలోనే హుస్సేన్‌సాగర్ గట్టున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం వెలిసింది కనుక హైదరాబాదుకు కరెంటు ముందే వచ్చింది. కోస్తాలో 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు వచ్చాక పరిస్థితి మెరుగుపడింది. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడింది. అప్పటినుంచి పట్టణాల్లో ఒక్కొక్క ప్రభుత్వ భవనమూ కరెంటుకు అలవాటు పడింది.

అయితే ఆ రోజుల్లో కరెంటు పోయినా ఆఫీసు ఆగేది కాదు. టైపు మిషనుకు కరెంటు అక్కరలేదు, రబ్బరు స్టాంపుకూ అక్కరలేదు. ఫ్యాను ఆగితే అట్టముక్కతో విసురుకుంటూ ఫైలు చూసేవాళ్ళం. సాయంత్రం పని మిగిలితే బంట్రోతు పెట్రోమాక్సు వెలిగించి బల్లమీద పెట్టేవాడు. కరెంటు లేకపోతే నిజంగా ప్రాణం మీదికి వచ్చే చోట్లు కొన్నే ఉండేవి: ఆసుపత్రిలో ఆపరేషను గది, మంచినీళ్ళ పంపులు, టెలిఫోను ఎక్స్చేంజి. ఎక్స్చేంజి వారికి పెద్ద పెద్ద బ్యాటరీల గది ఉండేది కాబట్టి ఊరంతా చీకటైనా కొంతసేపు ఫోను మోగేది. ఆ సంగతి మళ్ళీ ప్రస్తావనకు వస్తుంది.

కరెంటు కోతలు పెరిగిన కొద్దీ ఆసుపత్రులకు జనరేటర్లు కావాలని ప్రతిపాదనలు రావటం మొదలైంది. అంతకుముందు మన ప్రాంతంలో డీజిలు ఇంజను అంటే పొలంలో నీళ్ళు తోడేది, లేదా పిండిమర నడిపేది. పూనాలో 1946లో స్థాపించిన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ వంటి కంపెనీల ఇంజన్లు రైతులందరికీ తెలిసినవే. ఆ ఇంజనుకే ఆల్టర్నేటరు తగిలిస్తే జనరేటరు అవుతుంది. కొత్త వస్తువేమీ కాదు. కాని ప్రభుత్వ భవనానికి వచ్చేసరికి దానికి ఒక ఫైలు పుట్టింది.

ఫైలు ప్రయాణం

మా పురపాలక సంఘం ప్రసూతి ఆసుపత్రికి 25 కె.వి.ఏ. జనరేటరు కొన్న వ్యవహారం నా చేతిమీదుగానే జరిగింది. ఆ ఊరి పేరు రాయను. ఇటువంటి కథ ఏ ఊళ్ళోనైనా జరిగి ఉండవచ్చు.

ముందుగా ఎంత పెద్ద యంత్రం కావాలన్నది తేలాలి. కె.వి.ఏ. అంకెలో సుమారు 80 శాతమే మనం వాడుకోగలిగిన కిలోవాట్లు. అంటే 25 కె.వి.ఏ. యంత్రం 20 కిలోవాట్లు ఇస్తుంది, 62.5 కె.వి.ఏ. అయితే 50 కిలోవాట్లు. దీపాలు, ఫ్యాన్లు లెక్కపెట్టటం తేలిక. చిక్కంతా మోటార్లతోనే. అయిదు హార్సుపవరు నీటి మోటారు నడిచేటప్పుడు తీసుకునే కరెంటుకు అయిదారు రెట్లు మొదలయ్యే క్షణంలో లాగుతుంది. ఆ లెక్క వేయకపోతే యంత్రం దీపాలన్నీ వెలిగించి, మోటారు వేయగానే ఆగిపోతుంది. మా ఇంజనీరు గారు ఆ లెక్క జాగ్రత్తగానే వేశారు.

ఆ తరువాత అంచనా, కౌన్సిలు తీర్మానం, పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు, పత్రికా ప్రకటన, ధరావతుతో సీల్డు టెండర్లు. వచ్చిన టెండర్లు అందరి ఎదుటా విప్పి, తులనాత్మక పట్టిక తయారుచేసి, తక్కువ ధరవారికి ఇవ్వవచ్చునని నేనే నోటు రాశాను. 1987 మార్చి నెలాఖరులో లారీ మీద యంత్రం దిగింది. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా బిల్లు చెల్లించకపోతే నిధులు మురిగిపోతాయి కనుక, దిగిన రోజునే స్టాకు రిజిస్టరులో ఎక్కించి బిల్లు పంపాను. సకాలంలో పని పూర్తిచేశానని మేనేజరు గారు మెచ్చుకున్నారు కూడా.

పని పూర్తి కాలేదని తరువాత తెలిసింది. తక్కువ ధర టెండరులో యంత్రం మాత్రమే ఉంది. సిమెంటు దిమ్మ లేదు, పొగగొట్టం లేదు, షెడ్డు నుంచి మెయిను బోర్డుకు వేయవలసిన కేబులు లేదు, బోర్డు కరెంటు నుంచి జనరేటరుకు మార్చే ఛేంజోవరు స్విచ్చి లేదు. ఆ స్విచ్చి లేకుండా యంత్రం కలిపితే మన కరెంటు వెనక్కు లైనులోకి పోయి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. అందుకే అది తప్పనిసరి. వీటన్నిటికీ మరొక అంచనా, మరొక మంజూరు, మరొక టెండరు. ఎనిమిది నెలలు యంత్రం టార్పాలిను కప్పుకుని కూర్చుంది. కాని దాని బ్యాటరీ కూర్చోలేదు. యాసిడ్ పోసిన రోజునుంచీ బ్యాటరీకి వయసు లెక్క మొదలవుతుంది. వాడినా మానినా అరుగుతూనే ఉంటుంది. వాడకుండా వదిలేస్తే ఇంకా త్వరగా చెడుతుంది.

నేను రాసిన నోటు

1990 జనవరిలో ఎలక్ట్రికల్ మేస్త్రి గారు ఇండెంటు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. వయసులో నాకంటే పెద్దవారు, మితభాషి.

“గుమాస్తా గారూ, ఆసుపత్రి జనరేటరుకు కొత్త బ్యాటరీ కావాలండి. అందుకోవటం లేదు. నీళ్ళ లారీ తెచ్చి, దాని బ్యాటరీ తగిలించి నడుపుతున్నాం” అన్నారు.

నేను రిజిస్టరు తీశాను. బ్యాటరీ కొన్నది 1987 మార్చి. మా లెక్కలో బ్యాటరీ ఆయుర్దాయం మూడు సంవత్సరాలు. ఇంకా రెండు నెలలు తక్కువ. ముందుగా మారిస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. “మేస్త్రి గారూ, మార్చి దాటనివ్వండి, చేద్దాం” అన్నాను. ఇండెంటు మీద “నిర్ణీత కాలపరిమితి ముగిసిన పిమ్మట పరిశీలించవచ్చును” అని రాసి పైకి పంపాను. పైవారు సంతకం చేశారు. నోటులో తప్పు లేదు. ఈనాటికీ ఏ ఆడిటరైనా ఆ నోటును తప్పు పట్టలేడు.

మార్చి దాటింది. ఏప్రిల్‌లో కొత్త బడ్జెటు. కేటాయింపులు ఇంకా సెక్షన్లకు రాలేదు. మే 9న తుఫాను తీరం దాటింది.

ఆ 1990 మే తుఫాను సంగతి కృష్ణా, గుంటూరు జిల్లాల వారికి చెప్పనక్కరలేదు. ఆ రాత్రి నాకు ఆఫీసులో తుఫాను కంట్రోలు రూము డ్యూటీ. కరెంటు సాయంత్రమే పోయింది. లాంతరు వెలుతురులో ఫోను ముందు కూర్చున్నాను. ఎక్స్చేంజి బ్యాటరీల పుణ్యమా అని ఊళ్ళో ఫోన్లు కొన్ని ఇంకా పనిచేస్తున్నాయి. ఆసుపత్రి నుంచి నర్సమ్మ గారు ఫోను చేశారు.

“అయ్యా, జనరేటరు అందుకోవటం లేదు. బల్లమీద ఆపరేషను కేసు ఉంది. నీళ్ళ లారీ పంపించండి, త్వరగా!”

నీళ్ళ లారీ ఊరికి అవతలి కొసన ఉంది. మధ్యలో చెట్లు, స్తంభాలు రోడ్డుకు అడ్డంగా పడి ఉన్నాయి. మనుషులను పంపి కొమ్మలు నరికించి లారీని ఆసుపత్రి చేర్చేసరికి రెండున్నర గంటలు పట్టింది. బ్యాటరీ తగిలించగానే యంత్రం అయిదు నిమిషాలలో నడిచింది. ఇంజనులో ఏ లోపమూ లేదు. టాంకులో డీజిలు కూడా నిండుగా ఉంది.

అప్పటికే ఆపరేషను ముగిసింది. ఇద్దరు ఆయాలు చెరొక టార్చిలైటు పట్టుకుని నిలబడితే డాక్టరమ్మ గారు ఆ వెలుతురులో కుట్లు వేశారు. సెల్లులు అయిపోతుంటే గేటు దగ్గర కాపలావాడి టార్చి, బయట కూర్చున్న చుట్టాల టార్చి తెచ్చి అందించారు. తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడ్డారు. అది డాక్టరమ్మ గారి చేతి చలవ, ఆ ఆయాల ఓర్పు. మేము కొన్న యంత్రం వల్ల మాత్రం కాదు.

తరువాత ఫైలు తీసి నా నోటు మళ్ళీ చదువుకున్నాను. వారం వారం రాసే లాగ్ బుక్కు కూడా తెప్పించాను. ప్రతి సోమవారం ఎదురుగా “నడిపి చూడబడినది” అని ఉంది. అది అబద్ధం కాదు. నిజంగానే నడిపారు, లారీ బ్యాటరీతో. ఆ మాట రాయటానికి పుస్తకంలో గడి లేదు. ఆ పుస్తకానికి గళ్ళు గీయించి అచ్చువేయించింది కూడా నేనే. ఆఫీసు నుంచి ఆసుపత్రికి నడిచి వెళితే పది నిమిషాలు. మూడేళ్ళలో ఒక్క సోమవారమైనా వెళ్ళి చూడలేదు.

ఆ వారంలోనే అత్యవసరంగా కొత్త బ్యాటరీ మంజూరైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు! మేస్త్రి గారు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇతర దేశాల్లోనూ ఇంతే

చాలా ఏళ్ళు ఇది మన పేదదేశపు ఆఫీసుల జబ్బే అనుకున్నాను. తరువాత చదివితే తెలిసింది, ధనిక నగరాలకూ ఇదే జరిగిందని. న్యూయార్కులో నగర ప్రభుత్వం నడిపే బెల్లెవ్యూ ఆసుపత్రి చాలా పాతది, పేరున్నది. 1977 జులై 13 రాత్రి నగరమంతా కరెంటు పోయినప్పుడు అక్కడ అత్యవసర విద్యుత్తు విఫలమై, డాక్టర్లు చేతులతో గాలిసంచులు నొక్కి రోగులకు ఊపిరి అందించారు.

అదే ఆసుపత్రి 2012 అక్టోబరు చివర శాండీ తుఫానుకు మళ్ళీ చిక్కుకుంది. ఈసారి జనరేటర్లను 13వ అంతస్తులో పెట్టుకున్నారు, వరద అందకుండా. కాని వాటికి నూనె ఎక్కించే పంపులు నేలమాళిగలోనే ఉండిపోయాయి. నేలమాళిగలోకి నీళ్ళు వచ్చాయి, పంపులు మునిగాయి. సిబ్బందీ, సైనికులూ మెట్లమీద వరుసగా నిలబడి చేతులమీదుగా 13 అంతస్తులు నూనె చేరవేశారు. చివరికి రోగులందరినీ వేరే చోట్లకు తరలించవలసి వచ్చింది. మా ఊళ్ళో బ్యాటరీ, అక్కడ పంపు. చిన్నదే ఆగింది, దానితో పెద్దది నిలిచిపోయింది.

అదే 2012లో మన దేశంలోనూ జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్డు, మరునాడు దానితోపాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలాయి. 60 కోట్లకు పైగా జనం నివసించే ప్రాంతం చీకటైంది. అప్పటికి దక్షిణాది గ్రిడ్డు మిగతావాటితో పూర్తిగా ముడిపడలేదు కనుక మనం తప్పించుకున్నాం. 2013 డిసెంబరు 31న ఆ ముడి కూడా పడి దేశమంతా ఒకే గ్రిడ్డు అయింది. దాని లాభాలు దానికున్నాయి. కాని కరెంటు ఎన్నటికీ పోదని ఏ ఊరూ నిశ్చింతగా ఉండటానికి వీలులేదని ఆ రెండు రోజులూ చెప్పాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీదనే తీరం దాటింది. వేలకొలది కరెంటు స్తంభాలు నేలకూలాయి. కరెంటు రావటానికి రోజులు పట్టింది. అప్పుడు మరొక సంగతి బయటపడింది. జనరేటరు ఉన్నా డీజిలు ఏది? బంకులో నూనె తోడటానికి కూడా కరెంటే కావాలి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెబుతాను. 62.5 కె.వి.ఏ. యంత్రం పూర్తి భారం మీద గంటకు సుమారు 13 లీటర్ల డీజిలు తాగుతుంది. టాంకులో 100 లీటర్లు పడితే ఏడెనిమిది గంటలు. రోజువారీ కరెంటు కోతకు అది చాలు. తుఫాను వచ్చి నాలుగు రోజులు కరెంటు లేకపోతే 96 గంటలు, అంటే 1,200 లీటర్ల పైమాటే. యంత్రం కొనేటప్పుడు టెండరులో కె.వి.ఏ. రాస్తాం కాని, ఎన్ని గంటలు నడవాలో రాయం. ఆ అంకె రాస్తే టాంకు ఎంత ఉండాలి, నూనె ఎక్కడినుంచి రావాలి, దారి మూసుకుపోతే ఎలా అన్న ప్రశ్నలన్నీ వాటంతట అవే వస్తాయి.

మారినవీ, మారనివీ

కంప్యూటర్లు వచ్చాక ఆఫీసుల సంగతి కూడా మారిపోయింది. 2001లో హైదరాబాదులో ఈ-సేవ కేంద్రాలు మొదలైనప్పటి నుంచి, కరెంటు పోతే కౌంటరు ఆగటమే. జనరేటరు అందుకోవటానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కొన్ని సెకన్లలో కంప్యూటరు ఆరిపోతుంది. అందుకని మధ్యలో యు.పి.ఎస్. వచ్చింది. దానిలోనూ బ్యాటరీలే! ఒకటి కాదు, వరుసగా పది, ఇరవై. నేను రిటైరయ్యే నాటికి స్టోర్సులో పాత బ్యాటరీల గుట్ట పాత ఫైళ్ళ గుట్టతో పోటీపడేది.

కొనే పద్ధతి కూడా మారింది. కేంద్ర ప్రభుత్వంలో 1951 నుంచి రేటు కాంట్రాక్టులు ఖరారు చేసిన డి.జి.ఎస్. అండ్ డి. 2017 అక్టోబరు 31న మూతపడింది. 2016లో మొదలైన ‘జెమ్’ ద్వారా ఇప్పుడు కంప్యూటరు మీదనే కొంటున్నారు. లక్క ముద్రల కవర్లు పోయాయి. చెవులు పగిలే చప్పుడు కూడా తగ్గింది. 2002లో ప్రకటించిన నిబంధనల వల్ల డీజిలు జనరేటర్లకు ధ్వనిని అణచే పెట్టె తప్పనిసరైంది. 2023 జులై నుంచి పొగ విషయంలో మరింత కఠినమైన ప్రమాణాలు వచ్చాయి. కొన్ని ప్రభుత్వ భవనాల కప్పుల మీద సౌర పలకలు కూడా మెరుస్తున్నాయి. అయితే బ్యాటరీ లేని సౌర పలకలు లైనులో కరెంటు పోగానే మామూలుగా తామూ ఆగిపోతాయన్నది చాలామందికి తెలియదు. అదీ లైన్‌మన్ రక్షణ కోసమే.

మారనిది ఒకటే. కొనటానికి ఒక పద్దు ఉంటుంది, నడపటానికి ఉండదు. ప్రారంభోత్సవానికి రిబ్బను ఉంటుంది, బ్యాటరీ మార్చటానికి ఎవరూ రిబ్బను కట్టరు.

1990 తరువాత నేను స్టోర్సులో ఉన్నన్నాళ్ళూ ఒక పద్ధతి పాటించాను. అది పెద్దవారి ఉత్తర్వు కాదు, నా నోటు మీద ఇంజనీరు గారు ఒప్పుకున్నది. లాగ్ బుక్కులో గళ్ళు పెంచాము: ఎవరి బ్యాటరీతో నడిచింది, ఎన్నోసారికి అందుకుంది, ఏ భారం మీద ఎంతసేపు నడిచింది, టాంకులో డీజిలు ఎంత. భారం గడి ముఖ్యమైనది. ఉత్తినే అయిదు నిమిషాలు గుడగుడలాడించి ఆపేస్తే ఇంజనులో మసి పేరుకుంటుందే తప్ప పరీక్ష జరిగినట్టు కాదు. నెలకొకసారి డాక్టరు గారికి ముందుగా చెప్పి, ఆపరేషన్లు లేని సమయం చూసి, మెయిను ఆపేసి, అసలు భారం మీద అరగంట నడిపేవారు. ఆ అరగంటా నేను షెడ్డు దగ్గర నిలబడేవాణ్ణి. బ్యాటరీ మార్చటానికి కాలపరిమితి కాక మేస్త్రి గారి పరీక్షే ప్రాతిపదిక అని కూడా రాయించాము. దాని మీద ఆడిట్ అభ్యంతరం వచ్చింది. సమాధానంగా 1990 మే 9 నాటి సంగతి ఒక పేజీ రాసి జతచేశాను. అభ్యంతరం ఉపసంహరించుకున్నారు.

మన పిల్లలూ, మనవలూ ఎందరో ఈనాడు ప్రభుత్వ కొలువుల్లో ఉన్నారు. కొనుగోళ్ళ బల్ల దగ్గర కూర్చున్నవారు ఎవరైనా ఇది చదివితే ఒక్క మాట. యంత్రానికి నోటు రాసేటప్పుడు దిమ్మ, కేబులు, స్విచ్చి, బ్యాటరీ, నూనె, నడిపే మనిషి, అన్నీ ఆ నోటులోనే రాయండి. కింద నుంచి మేస్త్రి ఇండెంటు పట్టుకొస్తే రిజిస్టరు తీసే ముందు లేచి వెళ్ళి యంత్రాన్ని చూసి రండి.

ఇక మనలాంటి పెన్షనర్లకు కూడా ఈ సంగతితో పని ఉంది. మనలో చాలామంది ఇప్పుడు అపార్టుమెంట్లలో ఉంటున్నాం. లిఫ్టుకు జనరేటరు ఉందని చెప్పి ఫ్లాటు అమ్ముతారు. ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడిన మిత్రులు కూడా ఉన్నారు. ఈ ఆదివారం కిందికి దిగి వాచ్‌మన్‌ను అడగండి: జనరేటరు కడపటిసారి లిఫ్టు భారంతో ఎప్పుడు నడిపారు? బ్యాటరీ ఎప్పుడు మార్చారు? డీజిలు ఎంత ఉంది? సమాధానం రాకపోతే అసోసియేషను కార్యదర్శికి ఒక కాగితం రాసివ్వండి. కాగితం రాయటం మనకు బాగా తెలిసిన విద్యే కదా!

ఆ రాత్రి పుట్టిన బిడ్డకు ఇప్పుడు ముప్పయ్యైదేళ్ళు దాటి ఉంటాయి. ఆడపిల్లో మగపిల్లవాడో నేను అడగలేదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.